షడ్డకుడు అమ్మిన పికప్పు

నేను చెప్పే ప్రతి మాటలోనూ సగం గాలే ఉంటుందని మా ఆవిడ ఎలాగూ నలుగురిలో చాటుతూ ఉంటుంది కనుక, ఆ సంగతి ముందుగా నేనే ఒప్పుకుంటున్నాను. మొన్న ఆదివారం మోమిన్‌పేట నుంచి ఒకాయన మా పాత పికప్పును బేరమాడడానికి వికారాబాదు వచ్చి, డ్రైవరు సీటు కిందికి చెయ్యి పోనిచ్చి, అక్కడ బిగించి ఉన్న స్కూటరు బ్రేకు పిడిని తడిమి, “ఇదేందన్నా, గిక్కడ బ్రేకున్నది?” అని అడిగాడు. ఆయనకు చాయ్ తాగించి ఏదో చెప్పి పంపాను గానీ, చల్లారిందనుకున్న పగ నా కడుపులో మళ్లీ రాజుకుంది. నా ఈడువాళ్లకు, అందులోనూ షడ్డకుడు ఉన్నవాళ్లకు, ఈ మంట గురించి వేరే చెప్పనక్కర్లేదు.

మా షడ్డకుడు, అంటే మా మరదలి భర్త, తాండూరులో కందుల వ్యాపారి. నేను టెంటు హౌసు నడిపేవాణ్ణి. మా మామగారికి బంట్వారం దగ్గర కంది చేలుండేవి. ఏటేటా ఆ కందులన్నీ చిన్నల్లుడే కొనుక్కుపోయేవాడు. ఒకసారి అత్తగారింట్లో విందుకు అందరం కూర్చున్నప్పుడు, కుర్చీలు మోయడానికి నాకూ ఒక బండి కావాలని నోరు జారాను. మామగారు అన్నం కలుపుతూ తలెత్తకుండానే, “చిన్నోడు కొత్తది కొంటున్నడు గద, పాతది పెద్దల్లునికియ్యి. ఇంటి బండి ఇంట్లనే ఉండాలె” అన్నారు. ఆయన మాటకు ఎదురు ఉండేది కాదు. చెయ్యి కడిగేలోగా ధర కట్టారు, టైరు కింద నిమ్మకాయ పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు, తాళంచెవి నా చేతికొచ్చింది. తలకాయ కూర నములుతున్న షడ్డకుడి దవడ ఎక్కడిదక్కడే ఆగిపోయింది. ఆ ముక్క ఇప్పటికీ వాడి గొంతులోనే ఉందని నా నమ్మకం.

ఆ తర్వాత నుంచి, “జర ఒక్క దినం బండి పంపు అన్నా, సర్వీసింగ్ చేపిచ్చిస్త” అని ఒకటే ఫోన్లు. నేను పంపలేదు. ఎందుకు పంపుతాను? ఏ పెళ్లిలో కనిపించినా, “మా అన్నకు బండి అమ్మలే, పాత ఇనుము అమ్మిన” అని వాడు చెప్పడం, అందరూ విరగబడి నవ్వడం. వాళ్లు నవ్వేది నేను అద్దెకిచ్చిన కుర్చీల్లో కూర్చునే! పెద్దల్లుడినన్న పరువు ఆ కుర్చీల కిందే నలిగిపోయింది. దాన్ని నలుగురిలోనే తిరిగి తెచ్చుకోవాలని ఒట్టు పెట్టుకున్నాను.

ఇక ఆ బండి వింతలు చెప్పాలంటే ఒక పురాణమవుతుంది. సీటు కింద ఆ పిడి. వెనక బాడీ నేల మీద, రబ్బరు పట్టా కింద, అరచేయంత ఇనుప మూత. డ్రైవరు పక్కన మామూలు అద్దం కాక మరో అద్దం, రోడ్డును వదిలేసి వెనక చక్రం కేసి చూస్తూ ఉండేది. ఎడమ చక్రం మీద బరువు మోసే కమాన్లో మాత్రం ఒక పట్టీ ఎక్కువ. అనంతగిరి ఘాటు దిగుతూ ఆ పిడిని నేను లక్షసార్లు నొక్కి ఉంటాను, కనీసం కీచుమన్న చప్పుడైనా రాలేదు. వీడు సారా రవాణా చేశాడేమోనని మూత దగ్గర ముక్కు పెట్టి చూశాను, తుప్పు వాసన. మా ఆవిడకు చెబితే, తన చెల్లె మొగుడి మీద ఎందుకు పడి ఏడుస్తావని నన్నే తిట్టింది.

గుట్టు రట్టు చేసింది ఒక వాన. టెంటు హౌసులో వంగిపోయిన పాత ఇనుప పైపులను అమ్ముదామని తాండూరు తీసుకుపోయాను. దారిలో కుండపోత. మూత వదులైపోయినట్టుంది, బండి గున్న ఏనుగులా బరువెక్కింది. బండ్లు తూచే ధర్మకాంటా మీద పైపులతో సహా తూచి, తుక్కు దుకాణం దగ్గర దింపేటప్పుడు అలవాటుగా పిడి నొక్కాను. బండి కింద నుంచి నీళ్లు ధారగా పోశాయి! ఆ మూత కింద ఉన్నది ఒక దొంగ టాంకు, ఈ పిడి దాని కుళాయి. ఖాళీ బండిని మళ్లీ తూచి, మొదటి తూకంలోంచి దాన్ని తీసేస్తే, నా పైపులు పైపుల బరువు కన్నా చాలా ఎక్కువ తూగాయి. దుకాణంవాడు, “పైపులల్ల సీసం గిట్ల పోసినవా సేటూ?” అన్నాడు. పోసింది సీసం కాదు, నీళ్లని చెప్పి, సరైన తూకమే వేయించుకున్నాను గానీ, నా బుర్రలో అప్పటికే వెయ్యి దీపాలు వెలిగాయి.

ఇదే పని తిరగేసి చేస్తే? టాంకు నిండా నీళ్లతో ఖాళీ బండిని తూచి, చేనుకు పోయే దారిలో నీళ్లు వదిలేసి, కందులు నింపి మళ్లీ తూస్తే, ఆ నీళ్ల బరువంత కందులు లెక్కలోంచి మాయం! నీళ్లు పూర్తిగా పోయాయో లేదో చూసుకోవడానికే ఆ అద్దం, టాంకు బరువును ఆపడానికే ఆ పట్టీ, దాన్ని గుట్టుగా ఊడబీక్కోవడానికే ఆ సర్వీసింగ్ ఫోన్లు. ఏటేటా మా మామగారి కందులు ఈ కంతలోంచే కారిపోయాయన్నమాట. నాకు కోపం రాలేదు, పండుగొచ్చింది.

కంది కోతలయ్యాక, మామ పంట నా బండిలోనే తెస్తానని షడ్డకుడికి కబురు పెట్టాను. పాత అలవాటు పోతుందా? తెల్లవారుజామున తాండూరులో నేను చాయ్ తాగుతున్నాననుకుని, తనే గొట్టం పెట్టి టాంకు నింపాడు. నేను మాత్రం ముందురోజే ఆ పిడి తీగ విప్పి, నా కాలి దగ్గర మరో కొక్కేనికి కట్టుకున్నాను. ఖాళీ బండి తూకం అయింది. బంట్వారం దారిలో వాడు నా పక్కన కూర్చుని, వంగి చెప్పు సరిచేసుకుంటున్నట్టు నటిస్తూ నా సీటు కింది పిడి నొక్కాడు, నొక్కాడు, నొక్కాడు. “నడుము పట్టిందా తమ్మీ?” అని ప్రేమగా అడిగాను.

కందులు నింపి, మామగారిని కూడా ఎక్కించుకుని కాంటాకు వచ్చాం. చుట్టూ వ్యాపారులు, హమాలీలు. అంకెలు నిలబడగానే, “మామా, జర బండి కిందికి చూడు” అని కొక్కెం లాగాను. ధార మొదలైంది. కాంటా అద్దంలో అంకెలు దిగుతూనే ఉన్నాయి. ఒక హమాలీ, “ఓర్నీ, బండి ఉచ్చ పోస్తున్నది!” అని అరిచాడు. మామగారు భుజం మీది తువ్వాలు తీసి చిన్నల్లుణ్ణి చెడామడా బాదారు. వాడు చెప్పులు వదిలేసి కర్ణాటక సరిహద్దు దాటేదాకా ఆగలేదు.

అంకెలు దిగడం, హమాలీ మాట, షడ్డకుడి మొహం నల్లబడడం నిజం. తువ్వాలు దెబ్బా, ఆ పరుగూ మాత్రం నేను కల్పించాను.

జరిగింది వేరు. మామగారు ధార ఆగేదాకా చూసి, “అయిపోయినయా నీళ్లు? ఇగ నడువుండ్రి, ఎండైతున్నది” అన్నారు. తిరుగు దారిలో నాతో, “నాకెరుకలేదనుకున్నవా అల్లుడా? చిన్నబిడ్డ ఇంటికే పోతున్నయి గద అని ఊకున్న. నువ్వు నలుగుర్ల బయటికి తీసినవు, ఇగ అది ఏ మొహం పెట్టుకొని వస్తది?” అన్నారు.

మరదలు నిజంగానే రాలేదు. అత్తగారింటి విందుల్లో రెండు జంటలు ఒక్క బంతిలో కూర్చోవడం ఆ ఏటితో ఆగిపోయింది. ఇప్పుడు మామగారూ లేరు; చేను గట్టు మీదనే కంప్యూటర్ కాంటాలు వచ్చాయి, గింజ కూడా తప్పడం లేదు. తెలిసి తెలిసి తమ కందులు పోగొట్టుకునే మనుషులే ఎక్కడా కనబడడం లేదు. ఆ తువ్వాలు వాక్యం కొట్టేయమని మా ఆవిడ రెండుసార్లు చెప్పింది. నేను కొట్టేయలేదు, ఆయన వెయ్యని దెబ్బను కనీసం కాగితం మీదైనా పడనివ్వండి.