మోహన్‌కృష్ణ మానుకున్న పరీక్ష

మోహన్‌కృష్ణ ఆత్మకూరులో కళ్లద్దాల షాపుకు వెళ్లింది తలనొప్పి పడలేక. రైల్వే పరీక్ష దగ్గరపడింది. అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టు, అంటే రైలింజన్‌లో డ్రైవరు పక్క సీటు. పొద్దస్తమానం ఫోన్లో మాక్ టెస్టులు రాసి రాసి కణతలు లాగుతుంటే, చూపు తగ్గిందేమోనన్న భయం పట్టుకుంది. ఆ ఉద్యోగానికి అద్దాలు లేకుండా పూర్తి చూపు ఉండాలి మరి.

షాపులో కళ్లు పరీక్షించే అమ్మాయి నిషాత్. ఆమె చూపించిన అక్షరాలన్నీ కింది వరస దాకా గడగడా చదివేశాడు.

“చూపు బాగుండాది అన్నా. నిద్ర చాలక తలనొప్పి, అంతే,” అంది. ఏ పరీక్షకు చదువుతున్నాడో విన్నాక మాత్రం సొరుగులోంచి ఒక పుస్తకం తీసింది. “ఇంజను ఉద్యోగమంటే ఇది కూడా చూస్తారు. రంగు చుక్కల్లో నంబరు దాచి ఉంటారు. చెప్పు.”

మొదటి పేజీలో పన్నెండు తెలిసింది. రెండో పేజీలో చుక్కలే కనిపించాయి. మూడో పేజీలోనూ అంతే.

“దీంట్లో నంబరు యాడుండాది?” అని అడిగాడు.

నిషాత్ ముఖంలో నవ్వు తగ్గింది. ఇంకో నాలుగు పేజీలు నిదానంగా తిప్పింది. అతను ఒక్కదానికి మాత్రం ఏదో అంకె చెప్పాడు, అదీ తప్పే.

“ఎరుపూ ఆకుపచ్చా నీకు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతా ఉండాయన్నా. పుట్టుకతో వచ్చేది. మందు లేదు. నెల్లూరులో పెద్ద డాక్టరుకు కూడా చూపించుకో. కానీ ఆయన కూడా ఇదే చెప్తాడనుకుంటా.”

షాపు మెట్లు దిగేటప్పుడు ఎండ కళ్లలో పడింది. రోడ్డు దాటడానికి అతనికి చాలాసేపు పట్టింది.

మోహన్‌కృష్ణది ఉదయగిరి అవతల, దుత్తలూరు దారిలో ఒక మెట్ట పల్లె. తండ్రి కొండలయ్య గొర్రెలు కాస్తాడు. తల్లి లేదు. మెకానికల్ ఇంజనీరింగ్ చదివే రోజుల్లోనే అతనికి రైలు పిచ్చి పట్టింది. ఆ వైపు ఎవరి ఇంటి ముందూ రైలు కూత వినపడదు. కొత్త లైను కోసం పోసిన కట్ట చూసినప్పుడల్లా దాని మీద మొదటి బండిని తానే తోలుకొస్తానని ఊహించుకునేవాడు. కొండలయ్య కూడా ఊళ్లో అదే చెప్పుకుంటూ తిరిగేవాడు. డిగ్రీ అయ్యాక ఆత్మకూరులో గది తీసుకుని, వింజమూరు స్నేహితుడు రాజాతో కలిసి చదవడం మొదలుపెట్టాడు. పోయినసారి కొద్ది మార్కుల్లో పోయింది. ఈసారి వస్తుందని ఇద్దరికీ నమ్మకం. రైల్వే క్లర్కు పోస్టులకు కూడా అప్లై చేసి ఉన్నాడు గానీ, ఆ పుస్తకాలు తెరిచింది లేదు.

రాజా సంగతంతా విన్నాడు. తర్వాత ఫోన్ తీశాడు.

“ఇంతేనా. ఆ పుస్తకం మొత్తం నెట్లో ఉండాదిరా. ఏ పేజీకి ఏ నంబరో బట్టీ పట్టేయ్. కావలి పిల్లోడొకడు అట్టనే పాసైనాడంట.”

“రంగు దీపాలు పెట్టి కూడా చూస్తారంటనే?”

“అది వచ్చినప్పుడు చూసుకుందాం. ముందు పరీక్ష రానీ.”

మోహన్‌కృష్ణ బట్టీ పట్టాడు. రంగులతో పని లేకుండా, చుక్కల అమరికను బట్టి పేజీని గుర్తుపట్టడం నేర్చుకున్నాడు. పొద్దున లెక్కలు, మధ్యాహ్నం సైన్సు, సాయంత్రం చుక్కలు. రాజా ఎక్కడ వేలు పెట్టినా ఠక్కున నంబరు చెప్పేస్తున్నాడు. అయినా అన్నం సయించేది కాదు. మాక్ టెస్టుల్లో మార్కులు జారిపోయాయి. వచ్చిన లెక్కే మళ్లీ చేస్తూ మధ్యలో ఆగిపోయేవాడు.

“ఏందిరా, చదువుతుండావా, నిద్ర పోతుండావా?” అని రాజా కసిరేవాడు.

ఒక ఆదివారం నెల్లూరు కోచింగ్ సెంటర్లో పెద్ద మాక్ టెస్టు పెడితే ఇద్దరూ వెళ్లారు. అయిపోయాక రాజా బలవంతం మీద స్టేషన్‌కు నడిచారు. ఉద్యోగం వచ్చాక తిరిగే చోటు చూసుకుందాం రమ్మన్నాడు. దీపాలు పెట్టే వేళ. ప్లాట్‌ఫారం చివర నిలబడ్డారు. దూరంగా ఉన్న సిగ్నళ్లు మోహన్‌కృష్ణకు తెలుస్తూనే ఉన్నాయి. పై దీపం వెలిగిందా కింది దీపం వెలిగిందా అన్నది చూసి చెప్పేస్తున్నాడు. రాజా భుజం తట్టాడు.

“చూసినావా? నీకేమీ కాలేదు.”

అవతలి లైన్లో బొగ్గు నింపిన గూడ్సు బండి ఒకటి ఆగి ఉంది. దాని చివరి పెట్టెలోంచి గార్డు బయటికి వంగి చేతిదీపం ఊపాడు. చీకట్లో ఆ ఒక్క వెలుగే. పైనా కిందా ఏమీ లేదు.

“అది చెప్పు,” అన్నాడు రాజా.

మోహన్‌కృష్ణ కళ్లు చిట్లించాడు. దీపం అటూ ఇటూ ఊగుతోంది.

“ఎరుపు.”

ముందున్న ఇంజను కూత వేసింది. పెట్టెలు ఒకదాన్నొకటి గుంజుకుంటూ బండి కదిలింది. గార్డు చూపించింది ఆకుపచ్చ.

బండి మొత్తం దాటిపోయేదాకా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు. మోహన్‌కృష్ణ ఆ పెట్టెల వంక చూస్తూ, ఇదే తారుమారైతే ఏమిటని ఆలోచించాడు. ఎరుపును ఆకుపచ్చ అనుకుని ముందుకు పోనిచ్చి ఉంటే. వెనక పెట్టెల్లో బొగ్గు కాక మనుషులుండి ఉంటే.

బస్సెక్కాక అన్నాడు, “నేను రాయనురా.”

“ఆలోచించుకో,” అన్నాడు రాజా. కానీ ఆ మాటలో బలం లేదు. ఆ తర్వాత ఆ పుస్తకం ఊసే ఎత్తలేదు.

తండ్రికి చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది. మర్నాడు ఊరికి వెళ్లేసరికి కొండలయ్య దొడ్డి దగ్గర గొర్రెలకు మందు తాగిస్తున్నాడు. కొడుకు చెప్పేది చేతిలో పని ఆపకుండానే విన్నాడు.

“కళ్లు బాగనే ఉండాయి గదా నీకు.”

“బాగనే ఉండాయి నాయనా. రంగులు తెలియవు.”

కొండలయ్య చేతిలో గొర్రెను వదిలేశాడు. “చిన్నప్పుడు మందలో పక్కోళ్ల గొర్రెల్ని కలుపుకొచ్చేవాడివి. గుర్తుకు వీపు మీద రంగు వేసినా చూసుకోడు, ఒళ్లు బద్ధకం అనుకున్నా.” గొంతు పెంచాడు. “కొడుకు రైలు తోలతాడని ఊరంతా చెప్పుకున్నాను. ఇప్పుడేం చెప్పేది?”

“క్లర్కు పరీక్ష ఉండాది. దానికి రంగులతో పని లేదు.”

“అదన్నా వస్తాదా?”

మోహన్‌కృష్ణ వదిలేసిన గొర్రెను పట్టుకొచ్చి తండ్రికి అందించాడు. సాయంత్రం బస్సుకు బయల్దేరేటప్పుడు తండ్రి గడపలోకి కూడా రాలేదు.

ఇక మిగిలిన రోజులన్నీ పరుగే. క్లర్కు పరీక్షలో లెక్కలు పర్వాలేదు. చరిత్ర, రాజ్యాంగం, ఎవరికి ఏ అవార్డు వచ్చింది లాంటివే అతనికి గుదిబండలు. వాటిని రెండేళ్లుగా ముట్టుకోలేదు. రాజా ఇంజను పరీక్షకు బయల్దేరిన తెల్లవారుజామున మోహన్‌కృష్ణ బస్టాండుకు వెళ్లి అతన్ని బస్సెక్కించాడు. కిటికీలోంచి రాజా అతని చెయ్యి పట్టుకుని వదలలేదు. బస్సు కదిలాక మోహన్‌కృష్ణ బెంచీ మీద కూలబడ్డాడు. తనూ ఆ బస్సులో ఉండాల్సినవాడు. కాసేపటికి లేచి గదికి పోయి, రాజ్యాంగం పుస్తకం తెరిచాడు. అక్షరాలు అలుక్కుపోయాయి. ముఖం కడుక్కొచ్చి మళ్లీ తెరిచాడు.

క్లర్కు పరీక్షకు మోహన్‌కృష్ణకు సెంటరు కర్నూలులో పడింది. హాల్లో కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. మొదటి ప్రశ్నలు వరసగా ఏవీ తెలియలేదు. లేచి వెళ్లిపోదామా అనిపించింది. పక్క వరసలో ఎవరో దగ్గుతున్నారు. ఊపిరి పీల్చుకుని లెక్కలకు దూకాడు. అవి ముగించి వెనక్కు వచ్చేసరికి మనసు స్థిమితపడింది. తెలియని వాటిని వదిలేశాడు. ఊహించి తప్పు కొట్టిన చోటల్లా మార్కు కోసేస్తారన్నది గుర్తుపెట్టుకున్నాడు.

అది గట్టెక్కింది, బొటాబొటిగా. అందులోనే రెండో దశ పరీక్షకు మాత్రం నెలల తరబడి కుదురుగా చదివాడు. తర్వాత టైపింగ్ టెస్టు, ఆ తర్వాత ఆర్డరు. విజయవాడలో ఆఫీసు ఉద్యోగం. రాజా ఆ ఏడు ఇంజను పరీక్ష తప్పాడు. ఇంకా చదువుతూనే ఉన్నాడు.

ఆర్డరు వచ్చిన రోజు మోహన్‌కృష్ణ ఊరికి ఫోన్ చేశాడు. కొండలయ్య గొర్రెల వెంట మేతలో ఉన్నాడు. గాలి హోరులో మాట సరిగా వినపడక రెండుసార్లు చెప్పించుకున్నాడు.

“ఆడ తాగే నీళ్లు ఎట్టుంటాయి?” అని అడిగాడు చివరికి. వాళ్ల పల్లెలో ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లకు నలభై ఏళ్లకే మోకాళ్లు పట్టేస్తాయి.

“కృష్ణా నీళ్లు నాయనా. మంచియి.”

“అయితే పో,” అన్నాడు కొండలయ్య.