సలువకు తాగే కల్లు

మా ఆడబిడ్డకు సర్పి పొక్కులు మానినా వీపులో నరాల మంట పోలేదు. కరీంనగర్‌లో డాక్టరు పొద్దుగూకాక వేసుకొమ్మని గోళీ రాస్తూ, తాగే అలవాటుందా అని అడిగాడు.

“ఛీ! మా ఇంటా వంటా లేదు సారూ.”

ఆమె అబద్ధమాడలేదు. రోజూ సాయంత్రం రెండు లోటాల తాటికల్లు తాగేది. ఆమె లెక్కలో అది ఒంటికి సలువ చేసే తిండి. పక్కనే కూర్చున్న నాకూ తట్టలేదు.

పదకొండో రోజు కల్లు మీద గోళీ వేసుకుని తూలి పడింది. నుదుటికి నాలుగు కుట్లు పడ్డాయి. రెండూ కలిస్తే ఊపిరే ఆగొచ్చని డాక్టరు కోప్పడ్డాడు. “కల్లు తాగుతనని ముందే చెప్తే ఏంబోతుండె అమ్మా?”

“తాగుడు సంగతి అడిగిన్రు గని, కల్లు సంగతి అడుగకపోతిరి!”

అప్పటి నుంచి గోళీలు నా దగ్గరే పెట్టుకుని, కల్లు తాగావా అని అడిగి ఇచ్చేదాన్ని. ఒక సాయంత్రం, “తాగలే వదినా, జర గొంతు తడుపుకున్న గంతే” అంది.

ఇవ్వలేదు. ఆమె గోడకు వీపు రాసుకుంటూ, “ఒక్కటియ్యి వదినా, మండుతుంది” అంటూనే ఉంది. గోళీల అట్ట పిడికిట్లో పట్టుకుని, కూర్చోలేక వాకిట్లో తిరిగాను.

ఆమె ప్రాణం కోసమే ఇవ్వలేదు. అయినా ఆమె అడిగింది పందొమ్మిది సార్లు.