వజన్ పెట్టొద్దన్న మాట

సోమలింగం, నేను పనికోసం తెలుగునేల విడిచి వచ్చి లింబాయత్‌లో ఒకే కార్ఖానాలో మరమగ్గాలు నడిపేవాళ్ళం. ఒక్కొక్కరికి ఎనిమిది మగ్గాలు. పన్నెండు గంటలు నిలబడాలి. నిలబడలేనివాడికి అక్కడ పని లేదు.

రెండువేల ఆరు వరద తీశాక మెట్ల మీది బురద కడుగుతూ సోమలింగం జారిపడ్డాడు. మోకాలి కిందే ఎముక విరిగింది. ఎముక తల ఒక పక్క గుంటపడిందని డాక్టర్ చెప్పాడు. దాన్ని పైకి లేపి, తుంటి ఎముక నుంచి కొంత తీసి కింద నింపి, ప్లేటు పెట్టి స్క్రూలు బిగించారు.

ఇంటికి పంపేరోజు డాక్టర్ కాగితం రాస్తూనే, "వజన్ నహీ దేనా, తీన్ మహీనా" అన్నాడు. మా వాళ్ళలో హిందీ వచ్చినవాడిని నేనే. కార్ఖానాలో వజన్ అంటే మోసే బరువే. "మూడు నెలలు బరువు ఎత్తొద్దంటున్నడు" అని చెప్పాను.

సోమలింగం మాట తప్పలేదు. బిందె ముట్టలేదు. చంకకర్రలు కూడా బరువేనని మూలకు పెట్టాడు. పదిహేనో రోజు నుంచి పనికి నడిచి రాసాగాడు. వెనక అన్నం డబ్బా పట్టుకుని భార్య నర్సవ్వ.

"ఏంది సోమలింగం, పెండ్లికొడుకు లెక్క చేతులూపుకుంట పోతున్నవ్?" అనేది పక్కింటి కనకవ్వ.

నెల తిరిగేసరికి మోకాలు వాచి కాలు పక్కకు వంగింది. ఎముక మళ్ళీ కుంగింది. ఎవరు నడవమన్నారని డాక్టర్ అడిగాడు. ఆ మాట తెలుగులో చెప్పి, నేను గోడమీది క్యాలెండర్ చూశాను.

"నేనే తప్పు విన్న, సాబ్" అన్నాడు సోమలింగం.

మళ్ళీ ఆపరేషన్ చేశారు. ఈసారి డాక్టర్ మాట వినడానికి హిందీ వచ్చిన వేరేవాళ్ళను ఎవరినైనా తీసుకుపొమ్మన్నాను. అతను వినలేదు.

"నువ్వే రా. జర మంచిగ విను."

నేను డాక్టర్‌ను మూడుసార్లు అడిగాను. మూడోసారి ఆయన కుర్చీలోంచి లేచి, ఒక కాలు పైకెత్తి, ఒంటికాలిమీద నిలబడి చూపించాడు.

"గిప్పుడు సమజైంది" అన్నాడు సోమలింగం.

మూడు నెలలు ఆ పాదం నేలకు ఆనించలేదు. తర్వాత మగ్గాల మధ్య నిలబడ్డాడు, కొంచెం పక్కకు ఒరిగి. నాలుగు మగ్గాలు చూసుకోగలనని సేఠ్‌కు చెప్పాడు.

మిగతా నాలుగూ నేను చూస్తున్నాను. నాకు పన్నెండయ్యాయి.