వేసవిలో ముంచని పడవ

మొన్న అమలాపురంలో గడియారస్తంభం దగ్గర పూజసామాన్ల కొట్లో సాంబ్రాణి కొంటుంటే, కొట్టతను పక్క డబ్బా మూత తీసి నా అరచేతిలో గుగ్గిలం పోశాడు. వద్దంటున్నా వినకుండా "వాసన చూడండి మామ్మగారూ, కల్తీ లేదండి" అన్నాడు. చూశాను. నాకు దేవుడు గుర్తు రాలేదు. కాగుతున్న నూనెలో గుగ్గిలం కరుగుతుంటే, దాంట్లో తడిపిన కొబ్బరిపీచు పలకల సందుల్లోకి దిగుతుంటే వచ్చే వాసన, ఎనిమిదేళ్ళ వయసులో నా జుట్టుకి, పరికిణీకి, తినే అన్నానికి కూడా పట్టుకున్న వాసన వచ్చింది. అది మా పడవ వాసన.

షికారు పడవ కాదు. పి.గన్నవరం నుంచి రాజోలు వైపు పోయే కాలవలో ఏళ్ళ తరబడి కొబ్బరికాయలూ ధాన్యం బస్తాలూ మోసి మోసి ముసలిదైపోయిన సరుకు పడవ. మధ్యలో వెదురు తడికలు వంచి తాటాకు కప్పిన గూడు ఉండేది. యాభైల మొదట్లో మా నాన్నగారు దాన్ని కొన్నది వ్యాపారానికి కాదు, కాపరానికి. ఎందుకు కొన్నారో చెప్పకుండా దాటేస్తే మా పెద్దమ్మకి మేలు చేసినట్టవుతుంది. అందుకని చెబుతాను.

నాన్నగారు టైలరు. మామిడికుదురు దగ్గర కాలవ గట్టు ఊళ్ళో తాతగారి ఇంటి వీధి అరుగు మీద మిషను పెట్టుకుని కుట్టేవారు. ఇంట్లో సగం పెదనాన్నగారిది, సగం మాది. పెద్దమ్మకి మధ్యాహ్నం నిద్ర కావాలి, నాన్నగారికి మధ్యాహ్నం వెలుతురు కావాలి. ఒక శ్రావణమాసంలో, నాన్నగారు బొత్తాల కోసం బజారుకి వెళ్ళిన అరగంటలో, పెద్దమ్మ పాలేరు చేత మిషను ఎత్తించి పెరట్లో పెట్టించింది. వాన పడింది. సూది కింద పెళ్ళివారి పట్టు జాకెట్టు ఉంది. దాని ఎరుపు రంగు మిషను కాళ్ళ మీదుగా కారి బురదలో కలిసింది. తిరిగొచ్చిన నాన్నగారు అన్నగారి వైపు చూశారు. పెదనాన్న చుట్ట వెలిగించుకున్నారు. ఆ చుట్ట నేనింకా మర్చిపోలేదు.

"కాలవ ఎవడి వాటాలోదీ కాదు" అన్నారు నాన్నగారు ఆ సాయంత్రం. అమ్మ మెళ్ళో గొలుసు తీసి ఇచ్చింది.

పడవతో పాటు, దాని మీద ముప్ఫై ఏళ్ళు గెడ వేసి నడిపిన అబ్బులు పది రోజులు ఉండి పని నేర్పాడు. నాన్నగారు మెడలో టేపు వేసుకుని పలకలన్నీ కొలుస్తుంటే నవ్వేవాడు.

"కోటు కుడతారేంటండీ దీనికి?"

"కుడితే తప్పేంటోయ్, దానికి మాత్రం చలెయ్యదా?"

"ఆయ్, దానికి చలి లేదండి మేస్త్రిగారూ. ఎండంటేనే బయం."

అప్పుడు ఎవరూ ఆ మాట పట్టించుకోలేదు. నేను కూడా.

ఆ వానాకాలం నుంచి చలికాలం చివరిదాకా ఉన్నంత హాయిగా నేను మళ్ళీ ఎక్కడా లేను. ఏ రేవులో కట్టుకుంటే ఆ రేవు ఆడవాళ్ళు రవిక గుడ్డలు పట్టుకుని వచ్చేవారు, మిషను చప్పుడు నీళ్ళ మీద సాగి అవతలి గట్టుకి తగిలి వెనక్కి వచ్చేది, ఎవరి నిద్రా చెడలేదు. అమ్మ పనసాకు బుట్టల్లో పొట్టిక్కలు ఉడికించి, గట్టు మీద రాలిన కొబ్బరికాయతో పచ్చడి రుబ్బేది. తేగలు కాల్చిన రోజు గూడంతా పొగ, మా అందరి కళ్ళూ ఎరుపు. ధనుర్మాసంలో ముగ్గు వెయ్యడానికి వాకిలి లేక గట్టుకీ పడవకీ మధ్య వేసిన బల్ల మీద చిన్న ముగ్గు పెట్టేది, మొదట దిగినవాళ్ళ కాలికి అంటుకుని ఆ ముగ్గు ఊళ్ళోకి పోయేది. నేను ఒక్కదాన్నే గచ్చకాయలు ఆడుకుంటుంటే, పక్కనుంచి లాంచీ వెళ్ళినప్పుడల్లా కాయలన్నీ ఒక మూలకి దొర్లేవి. గన్నవరం అక్విడెక్టు మీద ఒకసారి పోయాం. కింద గోదావరి పాయ, పైన కాలవ, కాలవలో మా ఇల్లు. అంత ఎత్తున ఇల్లున్నవాళ్ళు జిల్లాలో ఎవరూ లేరని అనుకున్నాను.

ఒక్కదాన్నే అన్నాను కదా, అది ఊరికే అనలేదు. అట్లతద్దికి మా ఊరి పిల్లలు తెల్లవారుజామునే లేచి ఉయ్యాలలూగుతుంటే వెళ్ళాను. నా ఈడుదే, పెద్దమ్మ కూతురు, ఉయ్యాల ఆపి "నువ్వు రోజూ ఊగుతానే ఉన్నావు కదే, నీకెందుకే?" అంది. అందరూ నవ్వారు. ఆవిడకి తర్వాత మనవలు పుట్టారు, ముసలిదైంది, పోయింది. పరామర్శకి వెళ్ళాను కానీ ఆ మాట చెరిపెయ్యలేదు.

ఏటా వేసవిలో కాలవలు కట్టేసేవారు. ఆనకట్ట దగ్గర తలుపులు దించితే ఇక్కడ నీళ్ళు మోకాలికి, తర్వాత పాదానికి వచ్చేవి, తర్వాత పూడిక తీసేవాళ్ళు గోచీలు బిగించి దిగేవారు. దానికి వారం ముందు మా ఊరి లాకుల కింది లోతు మడుగులో ఒక వింత చూశాను. మా చుట్టూ ఉన్న పడవలన్నీ, మంచి పడవలే, సొంతవాళ్ళే రాళ్ళు నింపి ముంచేస్తున్నారు. పడవ అంచుదాకా దిగి, ఒక్కసారి గుటక వేసి, కనపడకుండా పోయేది. అబ్బులు తడి గోచీతో మా దగ్గరికి వచ్చాడు.

"మీది కూడా ముంచెయ్యండి మేస్త్రిగారూ. నీళ్ళొదిలేదాకా అడుగునే పడుకుంటదండి. తరవాత తోడేసుకోడమే. ఎండలో వదిలేరంటే పలకలు విచ్చుకుపోతాయండి."

"ఇల్లు కొనుక్కున్నవాణ్ణి ఇల్లు ముంచుకోమంటావా? నా పెళ్ళాంపిల్లలు ఎక్కడుండాలి, నీ నెత్తి మీదా?"

"రెణ్ణెల్లే కదండీ. అన్నగారింట్లో..."

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. అన్నగారి పేరెత్తాడు. నాన్నగారు బల్ల లోపలికి లాగేశారు. మా పడవ ఒక్కటే, మడుగు పక్కన గట్టు వార, ఎండకి మిగిలింది.

ఆ వేసవి మేం బురద మీద కాపరం చేశాం. గుంటల్లో మిగిలిన నీళ్ళు అమ్మ బిందెలతో మోసి పలకల మీద పోసేది, తడి గోనెలు పరిచేది. మధ్యాహ్నానికి గోనెలు అప్పడాల్లా పెళపెళలాడేవి. పలకల సందుల్లోంచి వెలుతురు గీతలు గీతలుగా అమ్మ చీర మీద పడేది. నాన్నగారు గుగ్గిలం అయిపోయాక కత్తిరింపు ముక్కలు తీశారు. పెళ్ళివారి పట్టు, బడిపిల్లల లాగుల ఖాకీ, ఎవరివో పూల రవికలు, అన్నీ పేలికలు చేసి, సూదిమొనతో ఒక్కొక్క సందులో కూరారు. అంత శ్రద్ధగా ఆయన ఏ కోటూ కుట్టలేదు. పడవ లోపల బొంతలా రంగురంగులుగా ఉండేది. నాకు నమ్మకం కలిగింది.

నీళ్ళొదిలిన రోజు ఊరంతా గట్టు మీదికి వచ్చింది. ఎర్రటి నీరు నురగతో, ఎండుటాకులతో పాక్కుంటూ వస్తుంటే పిల్లలు దాని ముందు పరిగెత్తారు, ఆడవాళ్ళు పసుపూ పూలూ వేశారు. మేం పడవలోనే కూర్చున్నాం, పైకి లేస్తుందని. మడుగులో మునిగిన పడవలని తోడుతుంటే ఒక్కొక్కటే నల్లగా, నిగనిగలాడుతూ లేచాయి. మాది లేవలేదు. నీరు బయట ఎంత పెరిగితే లోపల అంత పెరిగింది. పేలికలు ఒక్కొక్కటే ఊడి, పట్టు, ఖాకీ, పూల గుడ్డ, మా మోకాళ్ళ చుట్టూ తేలాయి. నాన్నగారు వాటిని ఏరబోయారు. తర్వాత మానేశారు.

పెదనాన్న పంచె ఎగ్గట్టి నీళ్ళలోకి దిగి, మిషను భుజాన వేసుకుని, "రా రా, ఇంటికి పోదాం" అన్నారు. ఊరంతా చూస్తోంది. వాకిట్లో పెద్దమ్మ మా కాళ్ళకి నీళ్ళిచ్చింది. ఆ నీళ్ళతో పాటే ఒక మాట కూడా ఇచ్చింది. "మధ్యాన్నం పూట మాత్రం మిషను తొక్కకండి మరిదిగారూ."

నాన్నగారు పోయేదాకా తొక్కలేదు. వెనక వసారాలో, భోజనం అయినప్పటినుంచి పొద్దు వాలేదాకా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. పడవ పలకలు ఊళ్ళోవాళ్ళు తలా ఒకటి పట్టుకుపోయారు. ఒకటి పెద్దమ్మ పశువుల సావిట్లో కుడితి తొట్టి కిందికి వచ్చింది.

అబ్బులు చెప్పింది నిజమని నాన్నగారు ఒప్పుకోలేదు, నేనూ ఇన్నేళ్ళు ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకున్నా వినడానికి అబ్బులు లేడు. కాలవలో పడవలు లేవు, గుర్రపుడెక్క ఉంది. ఇప్పుడు కాలవ కట్టేస్తే ముంచుకోవడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. మిషను మాత్రం నా దగ్గరే ఉంది, కాళ్ళు తుప్పు పట్టాయి. రోజూ మధ్యాహ్నం రెండింటికి దాని ముందు కూర్చుని తొక్కుతాను. దారం ఉండదు, గుడ్డ ఉండదు. వీలైనంత చప్పుడు చేస్తాను. నిద్ర చెడడానికి చుట్టుపక్కల ఎవరూ లేరు.