పడుగు కొసన కాపలా

మా మేనత్త పోయింది. ఆ కబురు మా ఊరు గుడియాత్తం నుంచి లుంగీల మూటతో పాటు వచ్చింది.

వేలూరు బజారులో ఒక జవుళి కొట్టులో నాకు పని. మా వీధి నేతగాడు ఒకాయన అప్పుడప్పుడూ సరుకు తెచ్చి వేస్తుంటాడు. ఆ రోజు మూట దించి, చెమట తుడుచుకొని, మంచినీళ్ళు తాగి, అప్పుడు గానీ నా మొహం చూడలేదు.

"మీ అత్త పొయ్యిందప్పా. నిద్దట్లోనే. ఆ పొద్దు యాడికీ పోలా" అన్నాడు.

ఆ చివరి మాట ఆయన నన్ను ఓదార్చడానికే అన్నాడు. మా ఇంటి సంగతి తెలియనివాళ్ళకు అందులో ఓదార్పేమిటో బోధపడదు. కనుక చదువరులారా, మొదటి నుంచి చెబుతాను.

ఆమె మా నాయనకు అక్క. చిన్నతనంలోనే మొగుడు పోతే పుట్టింటికి వచ్చేసింది. మా అమ్మ పోయాక అన్ననూ నన్నూ పెంచింది. ఇలాంటి ఆడవాళ్ళ గురించి పత్రికలవాళ్ళు త్యాగమూర్తి అని రాస్తుంటారు. ఆ మాట చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మా అత్త త్యాగం చెయ్యలేదు, పని చేసింది. పని చేసిన మనిషిని పనిమంతురాలు అనడానికి మన పెద్దమనుషులకు నోరెందుకు రాదో నాకు తెలియదు.

ఆ పని ఏమిటో చెప్పాలి. మగ్గానికి ఎక్కించే ముందు పడుగు నూలును వీధి పొడవునా చాచి, గంజి పట్టించి, ఆరేదాకా కుంచెతో దువ్వుతారు. ఎండ ముదిరితే పోగులు పెళుసెక్కి తెగుతాయి. అందుకని తెల్లవారకముందే మొదలుపెడతారు. ఒక ఇంటివాళ్ళ చేతులు దానికి చాలవు. ఎవరి పడుగు వీధిలోకి వస్తే వాళ్ళకు ఇంటికొక మనిషి సాయం వెళ్ళాలి. వెళ్ళని ఇంటికి రేపు ఎవరూ రారు. మా ఇంటి మనిషి ఎప్పుడూ మా అత్తే. ఆడవాళ్ళు గంజి కాచి ఇస్తే చాలనుకొనే వీధిలో ఆమె కుంచె పట్టింది. పడుగుకు ఈ పక్క ఒకరు, ఆ పక్క ఒకరు, ఎదురెదురుగా ఒకే అడుగులో నడవాలి. ఆమె ఎదుట నడవడానికి మగవాళ్ళు కూడా జంకేవాళ్ళు. అడుగు తప్పితే ఆమె నోటికి జడవాలి మరి.

గంజిని రెండు వేళ్ళ నడుమ రాసి, నాలిక్కి తాకించి చూసేది. ఎవరు ఎదురుపడినా ముందు వాళ్ళ గుడ్డ కొస పట్టుకొని నలిపేది, ఆ తర్వాతే క్షేమసమాచారం. ఒక పెళ్ళిలో అందరి ముందూ పెళ్ళికొడుకు పంచె నలిపి చూసి, "పిల్లోడు మంచోడే, పంచె మాత్రం మోసం" అంది. ఆ పెళ్ళివారు చాలాకాలం మాతో మాట్లాడలేదు.

నేను చదివిందంతా సంతలో, రైలు స్టేషనులో దొరికిన కరపత్రాలూ చిన్న పొత్తాలూ. చదివిన ప్రతిదానికీ రక్తం ఉడికేది. అరుగు మీద నిలబడి మద్యపానం గురించో విదేశీ గుడ్డల గురించో కేకలు పెడుతుంటే ఆమె లోపలి నుంచి, "గొంతు తగ్గించు నాయనా, పొయ్యి మీద గంజి పొంగుతాది" అనేది. నేను కోపం తెచ్చుకొని మగ్గం మీద పోగు తెంపినప్పుడు మాత్రం నవ్వేది కాదు. "తెగినదాన్ని జూసి అరిస్తే అతుక్కుంటాదా? కొస యాడుండాదో వెతుకు" అనేది. నాకు గురువంటూ ఉంటే ఆమే.

మరుపు ఆమెను మెల్లగా పట్టుకుంది. వీధిలో ఎవరి పడుగూ లేని రోజున కుండెడు గంజి కాచిపెట్టింది. నన్ను ఎప్పుడో పోయిన మా నాయన పేరుతో పిలిచింది. ఆ తర్వాత పొద్దున లేస్తూనే మా వదినను, "ఎవురింటి పిల్లవమ్మా నువ్వు?" అని అడగడం మొదలుపెట్టింది. "మీ ఇంటి పిల్లనే అత్తా" అని వదిన ప్రతి పొద్దునా, విసుగున్నా లేకపోయినా, చెప్పేది.

ఒక తెల్లవారుజామున ఆమె ఒక్కతే లేచి, పొరుగాయన పడుగు దగ్గరకు పోయింది. పోగులు వరస తప్పకుండా పడుగు కొసన తాడు కట్టి ఉంటుంది. నూలు పూర్తిగా ఆరి, పని ముగిశాకే దాన్ని విప్పి పడుగును చుట్టాలి. పని ముగిసిందనుకొని ఆమె తడి ఆరని పడుగుకు తాడు విప్పేసింది. చూస్తుండగానే పోగులన్నీ ఒకదాని మీద ఒకటి పడి ముద్దయిపోయాయి. పొరుగాయన తల పట్టుకొని నేల మీద కూలబడ్డాడు. ఆమె మాత్రం, "చుట్టండప్పా, ఎండొస్తాండాది" అని అందరినీ తొందరపెడుతూనే ఉంది.

సాయంత్రం వీధి పెద్ద మా ఇంటికొచ్చాడు. "ఆమె చెయ్యి పడని పడుగు మా ఇండ్లల్లో లేదు. నేను కాదన్లే. కానీ అప్పా, ఇది కూటి సంగతి. తెల్లారేతలికి ఆమె వీదిలో కనపడకూడదు" అని అన్నతో చెప్పి, ఇచ్చిన మజ్జిగ తాగకుండానే వెళ్ళాడు.

ఆ రోజు నుంచి అన్న తలుపుకు బయట గడియ వేశాడు. తెల్లవారుజామున ఆమె లోపలి నుంచి బాదేది. "పడుగు ఎండిపోతాండాది, తియ్యండ్రా!" వదిన చంటిబిడ్డ లేచి ఏడ్చేది. అత్త పక్క తడిపేది, చీర తడిపేది. వదిన ఉతికిందే ఉతికేది. చివరకు అన్న నాకు కబురు పెట్టాడు. వేలూరులో వయసు మళ్ళినవాళ్ళకు ఒక ధర్మసత్రం ఉందట, చూసి రమ్మన్నాడు.

అది ఊరి చివర, సత్తువాచారికి పోయే దారిలో ఉంది. తప్పు పట్టాలనే వెళ్ళాను. గాలి, వెలుతురు, మంచినీళ్ళు, మరుగుదొడ్డి ఎలా ఉండాలో చెప్పే పొత్తం ఒకటి నాకు నోటికి వచ్చు. ఒక్కొక్కటీ చూశాను. బావినీళ్ళు తాగి చూశాను, బియ్యం అరచేతిలో పోసుకొని చూశాను. గోడలకు సున్నం, మంచాలకు దుప్పట్లు. తప్పేమీ దొరకలేదు.

సత్రం చూసుకొనే ఆయన పెద్దవాడు, నెమ్మదైన మనిషి. "వాంగ తంబీ, ఉక్కారుంగ" అని అరవంలో రమ్మని, కూర్చోమని ఆదరించి, నేను తెలుగువాడినని తెలిసి తెలుగులోకి వచ్చాడు. "ఈడ ఎవురికీ పని లేదు. పొద్దున కంజి, మద్యానం సాదం, సాయంత్రం బజన. వయసైనోళ్ళకు ఇంకేం కావాల చెప్పు?"

గోడ పొడవునా ముసలివాళ్ళు కూర్చొని ఉన్నారు. అందరూ గేటు వైపే చూస్తున్నారు. ఒకామె నా చెయ్యి పట్టుకొని, "వచ్చినావా? పోదామా?" అంది.

"ఎవురొచ్చినా అంతే అంటాది. ఏమీ అనుకోవద్దు" అన్నాడాయన.

ఒక మంచం పట్టెకు పాత చీర పేలిక వేలాడుతూ ఉంది. ఏమిటని అడిగాను.

"లేచి తిరిగేవాళ్ళకు నడుముకు చుట్టి ఈడ ముడేస్తాం. తెల్లారేదాకానే."

"మనుషుల్ని కట్టేస్తారా?" నా కేక విని గోడ దగ్గరివాళ్ళు తలలు తిప్పారు.

ఆయనకు కోపం రాలేదు. "ఈడ బావి ఉండాది తంబీ, జారి పడితే తుంటి విరుగుతాది. మేము ఇద్దరమే చూసుకొనేది. సరే, మీ ఇంట్లో ఏం చేస్తాండారు?"

మా ఇంట్లో గడియ వేస్తున్నాం.

కోట కందకం పక్కగా నడిచి వస్తూ ఎవరినో ఒకరిని తిట్టాలని చూశాను. సర్కారును తిట్టాను, సత్రానికి ధర్మం చేసిన షావుకారును తిట్టాను. మనిషిని కట్టివెయ్యడం అన్యాయమని చెప్పే పొత్తాలు నేను చాలా చదివాను. కట్టకుండా ఏం చెయ్యాలో చెప్పేది ఒక్కటీ నాకు దొరకలేదు.

గుడియాత్తంలో ఇంటికి వెళ్ళి చూసింది చెప్పి, అలాంటి చోటికి పంపితే ఈ గుమ్మం తొక్కనన్నాను. వదిన బాన దగ్గర నుంచి లేవకుండానే అంది: "తొక్కబాకప్పా. నువ్వు తొక్కేది నెలకొకసారి. గుడ్డలు ఎట్ల ఉతికేదో రాసిండారా నీ పుస్తకాల్లో?" అన్న నవ్వబోయి మానుకున్నాడు. కాసేపటికి ఆమే మళ్ళీ, "ఆడ ఉండేది ఆమె గదా. ఆమెకు చూపించకుండా నువ్వొక్కడివి చూసొస్తే అయిపోయిందా? చీర తెచ్చేటప్పుడు కట్టుకొనేదాన్ని అడగరా?" అంది.

అలా మా అత్తను తీసుకొని వదినా నేనూ రైలెక్కాం. సంతకు పోతున్నామనుకొని ఆమె ఉల్లాసంగా ఉంది. కాట్పాడిలో దిగి జట్కా ఎక్కగానే, బండివాడి తలగుడ్డ కొస పట్టి నలిపి, "ఇది మన వీది గుడ్డే!" అని మురిసింది. పాలారు దాటేదాకా దాన్ని వదల్లేదు. బండివాడు మెడ వెనక్కి వాల్చుకొనే తోలాడు పాపం.

సత్రంలో అడుగుపెట్టగానే ఆమె దుప్పటి దగ్గరకు వెళ్ళింది. "గంజి జాస్తి, నూలు తక్కువ. ఒక ఉతుక్కు జల్లెడ అవుతాది" అంది. "నిజమే పాట్టీ" అని అవ్వ వరస కలిపి సత్రం ఆయన నవ్వాడు. గోడ వెంట కూర్చున్నవాళ్ళను చూసి, "ఎవురింటి పెండ్లి? బువ్వ ఇంకా పెట్టలేదా?" అని పరామర్శించింది. ఉంటుందేమో అనుకున్నాం. వదిన నా వైపు చూసింది, నేను ఆమె వైపు చూశాను.

అప్పుడు అత్త ముంగిట్లోకి దిగింది. పొడుగ్గా, శుభ్రంగా ఊడ్చి ఉన్న ముంగిలి. ఆమె చీర ఎగ్గట్టింది, చేతులు ముందుకు చాచింది, అడుగు వేసింది. లేని కుంచెతో లేని పడుగును దువ్వుతూ ఆ చివరికంటా పోయి, తిరిగి వచ్చింది. ముసలివాళ్ళు మాటలు మాని చూస్తున్నారు. మళ్ళీ పోతూ నడుమ ఆగిపోయింది. ఎదుటి పక్కకు చాలాసేపు చూసింది.

"ఆ పక్కన ఎవురూ లేరే నాయనా" అంది.

నేను వెళ్ళి ఎదుట నిలబడ్డాను. నా అడుగు ఆమె అడుగుతో కలవలేదు. కొంచెంసేపు ఓర్చుకొని, "నీకు రాదులే. పని తెలిసినోళ్ళను పిలు" అంది. అంత ఒంటరి మొహాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు. కట్టివేసినా అంత బాధ ఉండేది కాదేమో.

వదిన చంకలోని బిడ్డను సర్దుకొని ముంగిట్లోకి వచ్చింది. "పోదాం పా అత్తా. ఈడ పడుగు లేదు" అంది. ఉతికి ఉతికి చేతులు పాసిపోయిన మనిషి ఆ మాట అంది. నేను కాదు.

"ఎప్పుడైనా రాండి, చోటుంటాది" అన్నాడు సత్రం ఆయన. ఆయన మంచివాడని ఇక్కడ రాయకపోతే తప్పవుతుంది. గోడ దగ్గరి ఆమె, "పోదామా?" అని మళ్ళీ అడిగింది. ఆమెను అక్కడే వదిలి మేము గేటు దాటాం.

ఊరు చేరిన సాయంత్రమే వదిన వీధి పెద్ద ముందు నిలబడింది. "ఇంటికొక మనిషి రావాల్నంటారు గదా. మా ఇంటి నుంచి నేనొస్తా. నా ఎదుట ఆమె నడుస్తాది. అడుగు ఆమెకు మరుపు రాలేదు. తాడు కట్టిన కొస దగ్గర మాత్రం ఎవురన్నా ఒకరు నిలబడండి" అంది.

"ఎన్నాళ్ళమ్మా?"

"ఆమె ఉన్నన్నాళ్ళు."

ఎవడో వెనక నుంచి, "ముసలామెకు బంట్రోతా! కలెక్టరుకు కూడా లేదే ఈ మర్యాద!" అన్నాడు. నలుగురూ నవ్వారు. నేను చొక్కా చేతులు పైకి లాగాను. అంతలో పాడైన పడుగు తాలూకు పొరుగాయన గొంతు సవరించుకున్నాడు. "నేను నిలబడతా. పోయింది నా పడుగే గదా. ఆమె చెయ్యి యాడ పడతాదో నాకు బాగా తెలుసు" అన్నాడు. ఆ మాటకు మళ్ళీ నవ్వారు, కానీ ఆ నవ్వు వేరు.

అన్న తలుపు గడియ తీసేశాడు. ఊరికి వెళ్ళినప్పుడల్లా ఆ దృశ్యం చూశాను. చీకటితోనే మా అత్త వెళ్ళేది. ఎదుట వదిన. కొస దాకా వచ్చి తాడు మీద చెయ్యి వేస్తే పొరుగాయన, "ఇంకా తడుండాదక్కా" అనేవాడు. "అట్లనా" అని ఆమె మళ్ళీ వెనుదిరిగేది. ప్రతి పొద్దూ అదే మాట, అదే జవాబు.

దీన్ని గొప్ప చేసి చెప్పను. ఆమె బాగుపడలేదు. మా పేర్లు తిరిగి రాలేదు. ఎదుట నడిచేది ఎవరో ఆమెకు చివరిదాకా తెలియలేదు. పడుగు లేని రోజుల్లో అరుగు మీద కూర్చొని ఎవరికోసమో చూసేది. మేము పక్కనే ఉన్నా ఆమె ఉన్నచోటికి మేము పోలేకపోయాం. అయినా ఆమెను ఎవరూ కట్టలేదు. నా అత్తకు నేను చెప్పుకోగలిగిన గొప్ప అదొక్కటే. అది కూడా నేను చేసింది కాదు, వదిన చేసింది, వీధి చేసింది.

అత్త పోయిన కబురు విని నేను ఊరు చేరేసరికి అంతా అయిపోయింది. మర్నాడు తెల్లవారకముందే మెలకువ వచ్చి బయటికి వచ్చాను. వీధిలో ఎవరిదో పడుగు చాచి ఉంది. మైల వల్ల మా ఇంటి నుంచి ఎవరూ పోలేదు. కుంచెల చప్పుడు తప్ప మాట లేదు. కొస దగ్గర, తాడు పక్కన పొరుగాయన చేతులు వెనక్కి కట్టుకొని నిలబడి ఉన్నాడు. ఇక ఆ తాడు ముట్టుకొనేవాళ్ళు లేరు. ఆయనను రమ్మన్నవాళ్ళూ లేరు. దువ్వేవాళ్ళు కొస దాకా వచ్చి తిరిగి పోయినప్పుడల్లా ఆయన తలెత్తి, వాళ్ళ వెనక ఇంకొకరు వస్తున్నట్టు కొంచెం పక్కకు జరుగుతున్నాడు.