గ్లో దీక్షలో ఇరుక్కున్న వాటర్ ట్యాంకు

2022 ఏప్రిల్‌లో నేను కర్నూలు జిల్లా పడమటి భాగంలో, ఆలూరు నుంచి బస్సులో గంట ప్రయాణం ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఊరి పేరు రాయను. ఇందులో వచ్చే ఆడవాళ్లందరి దగ్గరా నా ఫోన్ నంబరు ఉంది.

ఆరోగ్య కేంద్రంలో హోదాల వరుస ఇలా ఉంటుంది. పైన మెడికల్ ఆఫీసరు, ఆ కింద హెల్త్ సూపర్‌వైజర్లు, వాళ్ల కింద ఊళ్లు తిరిగే ఏఎన్ఎంలు, ఊళ్లోనే ఉండే ఆశా కార్యకర్తలు. ల్యాబ్ టెక్నీషియన్ ఈ నిచ్చెనలో ఏ మెట్టు మీదా కనబడడు. పక్కన ఒక గదిలో, సూక్ష్మదర్శిని ముందు కూర్చుని ఉంటాడు. ఎవరూ పలకరించని ఉద్యోగం కాబట్టి చదువుకోవడానికి బాగా అనువైనది.

మాది కమలాపురం. నేను బడిలో చదివింది ఇంటర్ వరకే. ఆపైన ఒక ఏడాది ల్యాబ్ కోర్సు. మిగిలిన చదువంతా శాఖా గ్రంథాలయాల్లో సాగింది. బదిలీ అయిన ప్రతి ఊళ్లో అద్దె ఇల్లు వెతకడానికి ముందు లైబ్రరీ ఎన్నింటికి తెరుస్తారో కనుక్కునేవాణ్ని. వైద్య గ్రంథాలు చదివి అరుదైన జబ్బుల లక్షణాలను నోటుపుస్తకాల్లోకి ఎక్కించుకున్నాను. అవి పదకొండు పుస్తకాలయ్యాయి. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆ జబ్బుల్లో ఒక్కటి కూడా నా గదిలోకి రాలేదు. వచ్చినవన్నీ టైఫాయిడ్, మలేరియా, షుగరు. అరుదైన జబ్బు కోసం నేను ఎంత ఆకలిగా ఉన్నానో చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

ఆ సోమవారం గర్భిణుల పరీక్షల రోజు. ఏఎన్ఎం సరోజమ్మ ఒక సీసా తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

“సార్, ఇది చూడండి. దానిమ్మకాయ రసం మాదిరి ఉండాది.”

అది సర్పంచ్ కోడలు లక్ష్మీదేవి మూత్రం. ఆమెకు అయిదో నెల. జ్వరం లేదు, నొప్పి లేదు. అరచేతులు మాత్రం పచ్చగా ఉన్నాయని సరోజమ్మ చెప్పింది. మర్నాడు ఊళ్లోకి వెళ్లి అడిగితే ఇంకా ఏడుగురు బయటపడ్డారు. అందరూ ఆడవాళ్లే. అందరూ ముప్పై ఏళ్ల లోపువాళ్లే. ఎనిమిది సీసాలు వరుసగా పెడితే నా బల్ల శరబత్తు బండిలా ఉంది.

ఇక్కడ చేయవలసిన పద్ధతి ఒకటుంది. మూత్రాన్ని సెంట్రిఫ్యూజ్ అనే యంత్రంలో పెట్టి గిర్రున తిప్పాలి. ఎరుపు రక్తకణాల వల్ల వచ్చినదైతే కణాలు అడుగున చేరి పైన తేట మిగులుతుంది. ఆ అడుగుమడ్డిని సూక్ష్మదర్శిని కింద చూడాలి. ఆ తర్వాతే నోరు విప్పాలి. ఆ రోజు కరెంటు లేదు. నేను యంత్రం కోసం ఆగలేదు. ఏడో నోటుపుస్తకం తెరిచాను.

పచ్చదనం, ఎర్రటి మూత్రం, ఒకే ఊళ్లో ఒకేసారి. ఎలుకల మూత్రం నీళ్లలో కలిస్తే వచ్చే ఎలుక జ్వరం! జ్వరం లేదు కదా అనే ప్రశ్న నాకూ వచ్చింది. రేపు వస్తుందిలే అని సర్దుకున్నాను. మా మెడికల్ ఆఫీసరు పాతికేళ్ల అమ్మాయి, చేరి మూడు నెలలు. తండ్రి వయసువాణ్ని, నోటుపుస్తకంతో సహా వెళ్లి చెబితే ఆమె కొట్టిపారేయలేకపోయింది. జిల్లాకు ఫోన్ చేసింది. సాయంత్రానికి జీపు వచ్చి నీళ్ల నమూనాలు పట్టుకుపోయింది. ఫలితం వచ్చేదాకా ఓవర్‌హెడ్ ట్యాంకు మూసేయమన్నారు.

ఏప్రిల్‌లో ఆ ప్రాంతంలో ట్యాంకు మూయడమంటే ఏమిటో ఆ ప్రాంతం వాళ్లకే తెలుసు. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని పొలాల్లో బోర్ల దగ్గరికి నడిచారు. మగవాళ్లు అరుగుల మీద కూర్చుని, తప్పు ఎవరిదో తేల్చారు. తప్పు ఉసేనప్పది. పంతొమ్మిదేళ్లుగా ట్యాంకు నింపి, కడిగి, వాల్వులు తిప్పే పంచాయతీ వాటర్‌మన్ ఆయన. గురువారం పొద్దున పంచాయతీలో ఆయన్ని తీసేసే తీర్మానం పెడతామని సర్పంచ్ ప్రకటించాడు.

ఉసేనప్ప బుధవారం మధ్యాహ్నం నా గదికి వచ్చాడు.

“నా ట్యాంకులో ఎలకలని రాసినావంట, ఏమప్పా? ఆ నిచ్చెన ఎక్కనీకి నాకే మోకాళ్లు పీకుతాండాయి. ఎలక యాడెక్కుతాది? ఎక్కినా మూత ఎవరు తీసిచ్చినారు దానికి?”

“నేను రాసింది ఎలకల గురించే, నీ గురించి కాదు” అన్నాను.

“ఎలకను ఎవరూ తీసెయ్యరు గదా సార్, నన్నే తీసేస్తారు” అన్నాడు.

ఆయన వెళ్లాక కరెంటు వచ్చింది. రెండు రోజుల ముందే చేయవలసిన పని అప్పుడు చేశాను. ఎనిమిది గొట్టాలు తిప్పాను. అడుగున ఏమీ చేరలేదు. ఎరుపు పై నుంచి కింద దాకా ఒకేలా ఉంది. సూక్ష్మదర్శిని కింద ఒక్క ఎర్ర కణం లేదు. రక్తాన్ని పట్టే పట్టీ ముంచితే రంగు మారలేదు. కామెర్ల పట్టీ కూడా మారలేదు. అది రక్తం కాదు, వట్టి రంగు. నా చెమట మాత్రం నిజమైనది.

డాక్టరమ్మకు చెప్పి, సరోజమ్మను వెంటబెట్టుకుని సర్పంచ్ ఇంటికి వెళ్లాను. సూపర్‌వైజరు తయారుచేసిన లైన్ లిస్టు నా చేతిలో ఉంది. లైన్ లిస్టు అంటే రోగుల పట్టిక. పేరు, వయసు, లక్షణాలు, జబ్బు మొదలైన రోజు, ఏం తిన్నారు, ఏ నీళ్లు తాగారు. ‘ఏం తిన్నారు’ అన్న గడిలో ఎనిమిదిమందికీ ఒకటే జవాబు: సంగటి, పప్పు.

లక్ష్మీదేవి అరచేతులు పసుపు కొమ్ముల్లా ఉన్నాయి. కింది రెప్ప లాగి చూస్తే కన్ను మాత్రం తెల్లగా ఉంది. కామెర్లయితే ముందు పచ్చబడేది కన్ను. అప్పుడు నాలుగో నోటుపుస్తకం గుర్తుకొచ్చింది. కన్ను తెల్లగా ఉండి చర్మం పచ్చబడేది ఒకటే సందర్భంలో, వారాల తరబడి క్యారెట్లు లెక్కకు మించి తిన్నప్పుడు.

“క్యారెట్లు తింటాండావా, తల్లీ?” అని అడిగాను.

“తినలేదు సార్” అంది, నేల చూస్తూ.

వంటింట్లోంచి సర్పంచ్ భార్య ఈరమ్మ గొంతు వినిపించింది. “తినేదేంది, తాగుతాండాది! నా మిక్సీ జారు చూడు సార్, ఎంత తోమినా ఎరుపు పోదు. క్యారెట్టు, బీట్‌రూటు, ఆ యాపిల్ పండు యాడ దొరుకుతాదో దేవునికెరుక. కోడికూయక ముందే గుర్రుమంటాది ఆ మిక్సీ.”

“అత్తా!” అని అరిచింది లక్ష్మీదేవి. “ముప్పై నాలుగు రోజులు చేసినా! మాట బయట పడితే ఫలం పోతాదని చెప్పలేదా నీకు?”

సంగతి మెల్లగా బయటికి వచ్చింది. ఏదో నగరంలో ఉండే ఒకావిడ తన రీల్స్‌లో ‘నలభై ఒక్క రోజుల గ్లో దీక్ష’ అని చెప్పిందట. రోజూ పరగడుపున రెండు గ్లాసులు ఆ జ్యూస్ తాగితే మొహం మెరుస్తుందని. దీక్ష అన్న మాట ఆమె సరదాకు వాడి ఉండవచ్చు. ఈ ఊరి ఆడవాళ్లు సరదాకు తీసుకోలేదు. ఎనిమిదిమంది ఒకే శుక్రవారం మొదలుపెట్టారు. తెల్లారుజామున తలకు పోసుకుని, తూర్పుకు తిరిగి, ఎవరితోనూ మాట్లాడకుండా తాగారు. మధ్యలో ఆపకూడదు, బయట చెప్పకూడదు. అది వాళ్లకు తెలిసిన నోముల నియమం. రీల్‌లో ఆ నియమాలేవీ లేవు, వీళ్లే చేర్చుకున్నారు. మూత్రం ఎర్రగా వస్తే ఒంట్లో మలినం పోతున్నట్టు గుర్తని మాత్రం ఆ రీల్‌లోనే ఉందట.

“ఆ సూపర్‌వైజరు సారు ఏం తిన్నావని అడిగినాడు. ఏ నీళ్లు తాగినావని అడిగితే ట్యాంకు నీళ్లని చెప్పినా. జూసు సంగతి ఎవురు అడిగినారు?” అంది లక్ష్మీదేవి.

“మరి ఉసేనప్ప ఉద్యోగం పోతాంటే?” అంది సరోజమ్మ.

“ట్యాంకు కడిగితే మంచిదే గదాక్కా అనుకున్యా. ఆయన్ను తీసేస్తారని నాకేం తెలుసు?”

ఇంత అవసరమేమొచ్చిందని నేను అడిగాను. ఆమె ఫోన్ తీసి తన ఫొటో ఒకటి చూపింది. అందులో మచ్చ లేదు, చెమట లేదు, ముక్కు కూడా కాస్త సన్నబడింది. “ఫోన్లో ఉండే నేను శానా బాగుండా సార్. ఈడ అద్దంలో ఉండేది ఎవురో. మా ఆయన పొద్దస్తమానం చూసేది ఆ ఫోన్లో మొగాల్నే” అంది.

గురువారం పంచాయతీ అరుగు మీద డాక్టరమ్మ ఈ విషయం చెప్పింది. పేర్లు చెప్పలేదు. సర్పంచ్ నమ్మలేదు.

“మా ఇండ్లల్లో ఆడోళ్లు అట్లాంటి షోకులు చెయ్యరమ్మా. నీళ్ల తప్పును జూసు మీద తోస్తాండారు” అన్నాడు. జనం తలలూపారు. ఉసేనప్ప దోషి కావడం వాళ్లకు అన్ని విధాలా సౌకర్యం.

నాకు రోషం వచ్చింది. ఇక్కడే తాగి చూపిస్తానన్నాను. డాక్టరమ్మ తానూ తాగుతానంది. ఉసేనప్ప ఏం జరుగుతోందో పూర్తిగా తెలియకుండానే మూడో గ్లాసు పట్టుకున్నాడు. ఈరమ్మ తన మిక్సీలోనే బీట్‌రూట్లు వేసి, చిక్కగా, తలా రెండు పెద్ద గ్లాసులు పోసింది. సర్పంచ్ మాట అబద్ధమవుతుందని ఆమెకు తెలుసు. చేతులు మాత్రం ఎక్కడా ఆగలేదు.

ఆపైన అందరూ కూర్చున్నారు. నా సర్వీసు మొత్తంలో ఒక ఊరు ఊరంతా నా మూత్రం కోసం ఎదురుచూసిన రోజు అదొక్కటే. ఎవరో మజ్జిగ తెచ్చారు. ఇంకెవరో, “ఏమప్పా, ఇంకా రాలేదా?” అని అడుగుతూనే ఉన్నారు. అడిగేకొద్దీ అది రాదని వైద్య గ్రంథాల్లో ఎక్కడా చదవలేదు, అక్కడే తెలుసుకున్నాను.

మూడు గంటల తర్వాత ఉసేనప్ప సీసా తీసుకుని వెళ్లి వచ్చాడు. నీళ్లలా తేటగా ఉంది. సర్పంచ్ మీసం దువ్వుకున్నాడు. “చూస్తిరా? జూసు కాదు, ట్యాంకే!”

ఉసేనప్ప సీసాను వెలుతురుకు పట్టి చూసి, “నా ఒంట్లో నుంచి కూడా నాకు న్యాయం రాకపాయె సార్” అన్నాడు.

డాక్టరమ్మ తనది ఆస్పత్రికి వెళ్లి చూసుకుని, మామూలుగానే ఉందని ఫోన్ చేసింది. ఈ రంగు అందరికీ రాదని నేను చెబుతున్నా వినేవాళ్లు లేరు. తీర్మానం కాగితం బయటికి వచ్చింది. సర్పంచ్ కలం మూత తీశాడు. అప్పుడు నాకు వచ్చింది.

నేను తెచ్చిన సీసాను లక్ష్మీదేవి సీసా పక్కన పెట్టాను. రెండింటికీ తేడా లేదు. నాదే ఇంకాస్త ఎర్రగా ఉంది.

“ఈ సారు కూడా దీక్షలో ఉండాడేమో” అంది ఈరమ్మ. మొదట ఆడవాళ్లు నవ్వారు. ఆ తర్వాత ఆపుకోలేక మగవాళ్లు. సర్పంచ్ కలం మూత పెట్టి, కాగితాన్ని నాలుగు మడతలు చేసి జేబులో పెట్టుకున్నాడు. ఉసేనప్ప అప్పటికే ట్యాంకు వైపు నడుస్తున్నాడు. డాక్టరమ్మ జిల్లాకు ఫోన్ చేసి ఒప్పించిన పావుగంటలో కుళాయిల్లో నీళ్లు వచ్చాయి. వారం తర్వాత వచ్చిన జిల్లా ఫలితంలోనూ నీళ్లలో దోషం లేదు.

మర్నాడు డాక్టరమ్మ నన్ను పిలిచింది. బీట్‌రూట్ రంగు మూత్రంలోకి దిగడం ఇనుము తక్కువైనవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుందని చదివాననీ, ఎనిమిదిమందికీ హిమోగ్లోబిన్ చూడమనీ చెప్పింది. నా పదకొండు పుస్తకాల్లో ఆ వాక్యం లేదు. చూశాను. ఒక్కరికి కూడా ఉండవలసినంత లేదు. ఆశా కార్యకర్త నెలనెలా ఇచ్చే ఐరన్ మాత్రలు వాళ్ల ఇళ్లల్లో అలాగే ఉన్నాయి. అవి మింగితే మొహం నల్లబడుతుందని, పుట్టే బిడ్డ నల్లగా పుడుతుందని పక్కన పెట్టేశారు. మెరుపు కోసం ఎర్ర జ్యూస్ తాగుతూ, ఎర్రదనాన్ని నిజంగా ఇచ్చే మాత్రలను చూరులో దాచారు.

“సార్, మీదెంత?” అని అడిగింది డాక్టరమ్మ.

ముప్పై ఏళ్లలో వేలమంది వేళ్లు గుచ్చాను. నా వేలు ఒక్కసారీ గుచ్చుకోలేదు. ఆ రోజు గుచ్చుకున్నాను. మగవాడికి పదమూడు ఉండాలి. నాకు పది లోపే ఉంది. కారణం తర్వాత కర్నూలులో తేలింది, మొలలు. లైబ్రరీ కుర్చీలే దీనికంతటికీ మూలమని నా భార్య అభిప్రాయం.

లక్ష్మీదేవి మాత్రలకు ఒప్పుకుంది. ఒక షరతు పెట్టింది, నలభై ఒక్క రోజుల లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతానని. డాక్టరమ్మ అభ్యంతరం చెప్పలేదు. జ్యూస్ ఆపి, రోజూ అన్నం తిన్న తర్వాత మాత్ర వేసుకుని, తూర్పుకు తిరగాలనుకుంటే తిరగమంది. మిగిలిన ఏడుగురూ ఆమెతోపాటే ఆ పై శుక్రవారం మొదలుపెట్టారు. మధ్యలో ఒక్కరూ ఆపలేదు. మా కేంద్రంలో ఐరన్ మాత్రలు అంత క్రమంగా వాడిన మనుషులను నేను అంతకు ముందు చూడలేదు.

ఆ ఘటన నుంచి నేను నేర్చుకున్నవి రెండు. సెంట్రిఫ్యూజ్ తిరిగిన తర్వాతే నోటుపుస్తకం తెరవాలి. ఇక, ఏం తిన్నావని, ఏం తాగావని మాత్రమే అడిగితే సగం జవాబే వస్తుంది. ఎలా కనబడాలని అనుకుంటున్నావు అని కూడా అడగాలి. రిటైరయ్యేదాకా నా పట్టికల్లో ఆ గడి ఒకటి నేనే గీసుకునేవాణ్ని.

ఆ లైన్ లిస్టును జిల్లాకు పంపే ముందు పూర్తి చేయవలసి వచ్చింది. ఎనిమిది పేర్ల కింద నా చేతిరాతతోనే రాశాను: వరుస సంఖ్య తొమ్మిది, పురుషుడు, యాభై తొమ్మిదేళ్లు, ల్యాబ్ టెక్నీషియన్.