నాయన విడిపించిన పదకొండు కుక్కలు

మా మేనత్తను ఎవరన్నా ‘మహాతల్లీ’ అంటే ఆమెకు ఒళ్ళు మండేది. “మహాతల్లంట! పొద్దున్నే నా వాకిట్లో గోతాం పడేసి పోయేది మీరే కదా?” అని మొహం మీదనే అడిగేసేది. ఆ గోతాంలో ఏముంటాయో మా చూలై పేటలో అందరికీ తెలుసు. కళ్ళు తెరవని కుక్కపిల్లలు, అన్నీ ఆడవే. మొగదాన్ని ఎవరో ఒకరు పెంచుకుంటారు. ఆడదాన్ని పెట్టుకుంటే ఏడాదికి రెండు ఈతలు ఎవరు చూస్తారు? గోతాం మూతి కట్టి అత్త వాకిట్లో పెడితే చంపిన పాపమూ అంటదు, సాకే పనీ తప్పుతుంది. అంత తెలివైన జనం మధ్య ఆ మనిషి ఎట్టా బతికిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

మదరాసులో ట్రాములు ఆగిపోయిన కొత్తలు. మామ రేకు పెట్టెలు చేయించిన కొట్టం ఆయన పోయినాక ఖాళీగా పడుంటే, అత్త దాన్ని కుక్కలకు ఇచ్చేసింది. ఎప్పుడు చూసినా ఇరవైకి తక్కువుండేవి కావు. నాకు సంబంధాలు చూస్తున్న రోజులవి. వచ్చిన ప్రతివాడి ముందూ కూర్చోని కాఫీ అందించడం కన్నా కుక్కలకు గంజి పోయడం మేలని రోజూ ఆడికి పోయేదాన్ని.

అత్త పని చేస్తుంటే చూడాలి! ఒక్కో కుక్కనూ కాళ్ళ మధ్య ఇరికించుకోని చెవులూ పళ్ళూ వేళ్ళ సందులూ తడిమేది. ఎంత కరిచేదైనా ఆమె చేతుల్లో కిక్కురుమనేది కాదు. ఆమె ఒక్క నియమం మాత్రం దేవుడొచ్చి చెప్పినా మార్చేది కాదు. కొత్తగా వచ్చిన కుక్క ఏదైనా సరే, కొన్నాళ్ళు వెనక గదిలో విడిగా ఉండాల్సిందే. ఇంక నయం కాదు, ఊరికే నొప్పి పడుతుంది అని తేలినదానికి పశువుల డాక్టరు చేత సూది వేయించేది. అప్పుడు దాని తల తన ఒళ్ళోనే ఉండాలి. ఇంకెవరినీ పట్టుకోనిచ్చేది కాదు.

ఆ సూది దగ్గరే మా నాయనకూ ఆమెకూ పడేది కాదు. నాయనకు సౌకార్‌పేటలో పప్పుల మండీ. కొట్టానికి నూకలు పంపేది ఆయనే.

“ప్రాణం పోసింది మనమా అక్కా, తీసేదానికి?” అనేవాడు.

“పోసినవాడు సూది తీసుకోని రాడు కదరా. రెండు రోజులు కుయ్యోమని ఏడుస్తుంటే నువ్వొచ్చి పక్కన కూర్చుంటావా?” అనేది ఆమె.

నేను నాయన పక్షం. ప్రాణం తీయడం తప్పు అని అనడం నాకు ఎంత సుళువుగా ఉండేదో!

మా తాత తద్దినం నాడు నాయన ఏటా పక్షులమ్మేవాడి దగ్గర పంజరం పంజరమే కొని చిలకల్ని ఎగరేసేవాడు. మండీ వీధిలో చాలామంది చేసే పనే అది. చెరలో ఉండే జీవాన్ని విడిపిస్తే పైన పెద్దవాళ్ళకు మంచిదని. ఆ ఏడు ఆయనకు కొత్త బుద్ధి పుట్టింది. వీధుల్లో పట్టిన కుక్కల్ని పెట్టే దొడ్డికి పోయినాడు. సొంతదారు వచ్చి జరిమానా కడితే కుక్కను ఇచ్చేస్తారు, ఎవరూ రాకపోతే చంపేస్తారు. జన్మలో అబద్ధమాడని మా నాయన, తలారా స్నానం చేసి, నామం పెట్టుకోని, ఆడుండే పదకొండు కుక్కలూ నావేనని సంతకం పెట్టి వచ్చినాడు!

మధ్యాహ్నానికి వాటిని ఎద్దుబండిలో కొట్టానికి తెచ్చినాడు. అత్త మందుల షాపుకు పోయిండాది. వెనక గది పదకొండింటికి యాడ చాలుతుంది? “ఒక చెరలోంచి తెచ్చి ఇంకో చెరలో పెడితే అది విడిపించడమెట్టా అవుతుంది?” అన్నాడు నాయన. నాకూ నిజమే అనిపించింది. నేనే తలుపు తీసి పట్టుకున్నాను. అన్నీ తోకలాడిస్తూ పాతవాటిలో కలిసిపోయినాయి. అత్త వచ్చి చూసి గుమ్మంలోనే కూలబడింది. “ఎంత పని చేసినార్రా” అనింది, అంతే. ఏది కొత్తదో ఏది దేన్ని ముట్టుకుందో అప్పటికే చెప్పలేకుండా ఉండాది.

నాలుగో రోజు ఆ వచ్చినవాటిలో ఒక ఎర్ర కుక్కకు దవడ జారింది. చొంగ కార్చుకుంటా దొరికినదాన్నల్లా కరిచి, మర్నాడు చచ్చిపోయింది. డాక్టరు వచ్చి, పిచ్చే, అనుమానం లేదు అన్నాడు. దాని పంటి గాటు పడినవి ఆరు లెక్కకొచ్చినాయి. “వీటికి పిచ్చి ఎప్పుడు లేస్తుందో చెప్పలేమమ్మా. నెల కావచ్చు, ఆరు నెలలు కావచ్చు” అన్నాడు.

“ఆరు నెలలూ విడివిడిగా కట్టేద్దాం. గంజి నేను పోస్తా” అన్నాడు నాయన.

“యాడ కట్టేది? గోడకవతల చిన్నపిల్లల బడి. ఒక్క తాడు తెగితే?”

“అక్కా, ఈ పాపం నాది...”

“పాపం ఎవరిదో నిదానంగా చూద్దాం. ఇప్పుడు రా, వచ్చి పట్టుకో. ఆరింటినీ నేనొక్కదాన్నే పట్టలేను.”

ఆయన రాడనే అనుకున్నాను. పంచె ఎగ్గట్టి వచ్చినాడు. మూతులకు గుడ్డ కట్టి, ఒకదాని తల అత్త ఒళ్ళో, ఇంకోదాని తల ఆయన ఒళ్ళో. సూది దిగేటప్పుడు ఆయన గోవిందా గోవిందా అనుకుంటా ప్రతిదాని చెవులూ నిమిరినాడు. అంతవరకూ నాయనంటే నాకు భయముండేది, గౌరవముండేది. ఆ పొద్దు మొదటిసారి ముద్దొచ్చినాడు.

ఆయన కళ్ళు తుడుచుకుంటుండంగా నేను ముసలి కుక్కను చూసినాను. కొట్టంలో మొట్టమొదటి కుక్క అది. మామ పోయిన నెలలో వచ్చింది. ఒక కన్ను లేదు. అత్త మంచం కిందనే పడుకునేది. మామ పోయినాక అత్త అన్నం తిన్నదంటే దానికి పెట్టడం కోసమే తిన్నదని మా ఇంట్లో అనుకునేవాళ్ళు. దాని చెవి కింద, వెంట్రుకల్లో, చిన్న గాటు. పచ్చిది. ఎవరూ చూడలేదు. దీనికి కూడా సూది వేస్తే అత్త బతుకుతుందా? గబగబా వేలితో ఆ నెత్తురు తుడిచి, వెంట్రుకలు సర్దేసినాను.

“డాక్టరయ్యా, ఉండు. ఇంకొకటి ఉండాది” అనింది అత్త వెనకనుంచి.

నాయన అడ్డం పడినాడు. “అది గోక్కున్నదే అక్కా. చూడు, పంటి గాటులాగా యాడుంది?”

“ఆ ఆరింటికీ లేని పంచాయితీ నా కుక్కకెందుకురా?” అని దాన్ని ఒళ్ళోకి తీసుకుంది. అది ఆమె మోచెయ్యి నాకబోతే మూతి పక్కకు తిప్పి, తల నిమిరింది. అయిపోయినాక నావైపు తిరిగింది. అప్పుడు చూసింది నా చూపుడువేలు. పొద్దున కత్తిపీట మీద కోసుకున్నది, ఇంకా మానలేదు. నన్ను ఈడ్చుకుపోయి కొళాయి కింద పెట్టి, చర్మం ఊడొస్తుందేమో అనేట్టు సబ్బుతో రుద్దింది. “బుద్ధి లేదా మే నీకు? ఒట్టి చేత్తోనా?” అని తిడుతూనే ఉండాది.

పిచ్చి నాకు అంటకుండా బొడ్డు చుట్టూ పధ్నాలుగు సూదులు. రోజూ బస్సులో ఆస్పత్రికి నన్ను అత్తే తీసుకుపోయేది. దారంతా కొట్టం సంగతులే, ముసలిదాని మాట మాత్రం ఎత్తేది కాదు. నాకేమో ఆమెను చూస్తే దేవతలాగా కనబడేది. ఆఖరి సూది అయినాక తిరుగు బస్సులో ఉండబట్టలేక అనేసినాను. “నీ గుండె రాయి కాదత్తా, బంగారం. నేను దాచినా నువ్వు దాచలేదు.”

ఆమె మొహం కిటికీవైపు తిప్పుకుంది.

“ఆ గాటు నీకంటే ముందే చూసినా. పొద్దున గంజి పోసేటప్పుడే,” అనింది. “నోరు మూసుకోనే ఉన్నా. ఆరూ అయిపోయేదాకా మూసుకోనే ఉన్నా. నువ్వు దాని నెత్తుట్లో వేలు పెడితే గానీ నాకు నోరు పెగల్లేదే.”

నా చేతిని ఆమె ఒళ్ళోకి తీసుకుంది. మేము దిగాల్సిన స్టాపు దాటిపోయినా వదల్లేదు.